మంచునీళ్ళకు ఒక పైసా

కిటికీ గాజు చల్లగా ఉంది. నా ఊపిరి దాని మీద తెల్లగా అంటుకుంది... కరిగింది... మళ్ళీ అంటుకుంది.

ఆ పూటే, యాకుత్‌పురాలో, నా భార్య ఆండాలు ఊపిరి ఆగిపోయింది.

నాకు తెలియదు. నేను కొండెక్కే రైల్లో ఉన్నాను.

స్విట్జర్లాండు. పట్టాల నడుమ రంపంలా పళ్ళున్న ఇంకో పట్టా, దాన్ని కరుచుకుంటూ పైకి పాకే ఎర్రటి పెట్టెలు. జాగీర్దారు గారు వేసవికి కుటుంబంతో వెళ్తూ, పిల్లల చదువు ఆగకూడదని, వాళ్ళకు పాఠాలు చెప్పే నన్నూ రమ్మన్నారు. వెళ్ళనంటే కొలువు ఉండదు.

నెలల తరబడి జ్వరంతో మంచం పట్టిన ఆండాలే నన్ను సాగనంపింది.

"ఈడ కూసోని నా జ్వరానికి పాఠం జెప్తరా ఏంది? పోయిరాండ్రి."

పసుపు పూసిన రాగి పైసా ఒకటి అరచేతిలో పెట్టింది. రైలు నది దాటుతుంటే మనవాళ్ళు పైసా వేసి దండం పెడతారు కదా.

"ఆడ మంచు కరిగి పారుతదట. గా నీళ్ళల్ల ఎయ్యండ్రి. నా ఒళ్ళు సల్లవడ్తది."

నేను నమ్మలేదు. కాదనలేదు.

వంతెన వచ్చింది. కింద నది — పాలనురగలా. కిటికీ లాగాను. రాలేదు. ఇంకా లాగాను... సొరంగం.

మరో వంతెన. టికెట్ల మనిషి వేలు ఊపాడు. బయటికి ఏమీ పడేయకూడదట. సొరంగం.

పక్కన జాగీర్దారు గారి దేవిడీలో వంటమనిషి అంజన్న నవ్వాడు.

"బేగంబజార్ల మిఠాయి దుకాణం అద్దం లెక్కున్నది సారూ. సూసుడే... చెయ్యి వెట్టుడు లేదు."

పైన రైలు దిగి, తీగకు వేలాడే పెట్టె ఎక్కాం. దాని కిటికీ తెరుచుకుంది. చెయ్యి చాపాను.

కింద నది లేదు. రాయి... మంచు... రాయి.

"గదీ మంచే గద సారూ, ఏసెయ్యండ్రి!"

ఆండాలు నీళ్ళలో అంది. మంచులో అనలేదు. అడిగినదానికే జవాబు రాయండి — పిల్లలకు నేను రోజూ చెప్పే మాట.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం హోటలుకు ఇంటి నుంచి తంతి వచ్చింది.

తిరుగుదారిలో నదులు ఎన్నో దాటాం. పైసా బయటికి తీయలేదు. ఇంకెవరి ఒళ్ళు చల్లబడాలి?

ఆ ఏడే యుద్ధం వచ్చింది. జాగీర్దారు గారు ఇప్పుడు ఊరు కదలరు. ఆ నీళ్ళు ఎవరి కోసమో పారుతూనే ఉండి ఉంటాయి — అడిగింది అడిగినట్టే ఉండిపోయింది.

ఇప్పుడు నా కొలువు కాచిగూడ బడిలో; రోజూ రైల్లో వెళ్తాను. మలక్‌పేట దాటగానే మూసీ. ఎదుటి సీట్లో పూలమ్మే కాశమ్మ పైసా విసిరి, కళ్ళకద్దుకుని, నా పిడికిలి చూస్తుంది.

"ఏం పంతులూ, గంత గట్టిగ వట్టుకున్నవ్? గంగమ్మకిచ్చేకాడ గూడ లెక్కలేనా?"

"ఇది ఈ నీళ్ళకు కాదమ్మా."

"నీళ్ళకు గూడ పేర్లు రాసిపెట్టినవా!"

పెట్టెంతా నవ్వుతుంది. వంతెన అయిపోతుంది.

ఈ కిటికీకి గాజు లేదు. నా ఊపిరి దేనికీ అంటుకోదు...

పైసా ఇంకా వేయలేదు.