కంప్యూటర్ ఫిడేలు

వరంగల్ చౌరస్తాలో మోటారు పంపులమ్మే రాజేశ్వర్ రావుకు సంగీతమంటే ప్రాణం. సంగీతానికి ఆయనంటే అంత ప్రేమ ఉన్నట్టు కనపడదు. చిన్నప్పుడు భజన మందిరంలో హార్మోనియం పట్టుకున్నాడు. పక్కవాళ్లు దేవుడి మీది భక్తి కొద్దీ ఓర్చుకున్నారు. పెద్దయ్యాక వర్తకుల సంఘం వినాయక చవితి ఆర్కెస్ట్రాకు అయ్యే ఖర్చంతా తనే భరించేవాడు కనుక, ఆయన్ను అధ్యక్షుణ్ణి చేశారు, శాలువా కప్పారు, మైకులో పేరు ముందు నాలుగు బిరుదులు తగిలించారు. ఏ వాయిద్యం దగ్గరికీ మాత్రం పోనివ్వలేదు.

1988 వానాకాలంలో ఆయన భార్య పద్మ తమ్ముడు మల్లికార్జున్ బొంబాయి నుంచి రెండు అట్టపెట్టెలతో దిగాడు. బొంబాయిలో అతను సినిమా రికార్డింగుల్లో ఉన్నానని చెప్పేవాడు. రికార్డింగుల్లో ఏం చేస్తాడో ఇంట్లో ఎవరూ గుచ్చి అడగలేదు. ఒక పెట్టెలో కంప్యూటరు, ఇంకో దాంట్లో హార్మోనియంలాగే నల్ల తెల్ల మెట్లున్న కీబోర్డు. కీబోర్డు తనంతట తాను కూయదట. ఏ మెట్టు నొక్కామో తీగ గుండా కంప్యూటరుకు చెబుతుందట. ఫ్లాపీలోని ప్రోగ్రాం ఎక్కించుకున్న కంప్యూటరు అప్పుడు ఫిడేలు మోగిస్తుందట.

"ఫిడేలు గావాలంటే ఫిడేలు, పిల్లనగ్రోవి గావాలంటే పిల్లనగ్రోవి. అంత గా డబ్బనే జూసుకుంటది బావా. మనం మెట్టు నొక్కుడే," అన్నాడు మల్లికార్జున్.

ఆ 'మనం'లో తానూ ఉన్నాడని అర్థమవగానే రాజేశ్వర్ రావు ఇంకేమీ అడగలేదు. రెండు పెట్టెలూ తనే కొనేశాడు.

మర్నాడే ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి ఫిడేలు వాయిస్తున్న వెంకట్రాజాన్ని దుకాణానికి పిలిపించాడు. యంత్రం ఇంకా ఒక్క కూతైనా కూయలేదు. అయినా మంచి పనికి ఆలస్యం ఎందుకనుకున్నాడు. కాలం మారిందనీ, వయసు మీద పడిందనీ, ఈ ఏడు కాస్త విశ్రాంతి తీసుకోమనీ ఎంతో దయగా చెప్పాడు. వెంకట్రాజం సరే సేటు అని చాయ్ తాగి వెళ్లిపోయాడు. కనీసం బతిమాలకపోవడం రాజేశ్వర్ రావుకు కొంచెం వెలితిగా అనిపించింది.

ఇక ఇంట్లో బిగింపు మొదలైంది. కంప్యూటరుకు తెర కావాలి కనుక హాల్లో టీవీ కాస్తా ఆయన గదిలోకి పోయింది, దాంతోపాటే పద్మ ఆదివారం సినిమా కూడా. కంప్యూటరుకూ కీబోర్డుకూ వెనకాల గుండ్రటి బొక్కలున్నాయి. కొన్నిటి మీద 'ఇన్' అనీ కొన్నిటి మీద 'అవుట్' అనీ రాసి ఉంది. పాట కంప్యూటరులోంచి బయటికొస్తుంది కాబట్టి తీగ దాని 'అవుట్'కే తగిలించాలని మల్లికార్జున్ తేల్చాడు. రెండో కొస కీబోర్డు 'ఇన్'లో దూర్చారు. ఫ్లాపీ గరగరమంది, తెర మీద ఫిడేలు బొమ్మ వచ్చింది, బావాబామ్మర్దులు చేతులు కలుపుకున్నారు. మెట్టు నొక్కితే గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేదు.

రోజులు గడిచాయి. మల్లికార్జున్ ఇంగ్లిషు పుస్తకం తిరగేసి, వరంగల్ కరెంటులోనే ఏదో దోషముందన్నాడు. పొద్దున చాయ్ తెచ్చిన పద్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"అది మూగదా, లేకుంటె మీతోని మాట్లాడుడు ఇష్టం లేదా?" అంది.

ఆమెకు సంగీతం తెలియదని రాజేశ్వర్ రావు సరిపెట్టుకున్నాడు.

చవితి ఇంకో వారం ఉందనగా, వర్ధన్నపేట నుంచి కట్టయ్య అనే రైతు పంపును పైపులతో సహా బండిలో వేసుకొచ్చాడు. మోటారు తిరుగుతోంది, నీళ్లు మాత్రం రావడం లేదు. రాజేశ్వర్ రావు ఒక్క చూపులో కనిపెట్టాడు. బావిలోంచి నీళ్లు గుంజాల్సిన పైపును ఎత్తిపోసే మూతికి, ఎత్తిపోసే పైపును గుంజే మూతికి బిగించాడు కట్టయ్య.

"ఇచ్చేది యాడ, తీసుకునేది యాడ అని సూస్కోవద్దా? గంత సోయి లేదా నీకు?" అని గట్టిగా మందలించబోయి మధ్యలోనే ఆగిపోయాడు. మెట్టు నొక్కిన కబురు ఇచ్చేది కీబోర్డు. తీసుకునేది కంప్యూటరు. దుకాణం గుమాస్తాకు అప్పగించి స్కూటరెక్కాడు. సేటుకు కోపమొచ్చిందేమోనని కట్టయ్య పాపం చాలాసేపు బాధపడ్డాడు.

ఇంటికొచ్చి తీగ తీసి కీబోర్డు 'అవుట్' నుంచి కంప్యూటరు 'ఇన్'కు తగిలించాడు. మెట్టు నొక్కాడు. టీవీలోంచి ఫిడేలు పలికింది. కొంచెం ముక్కుతో పాడినట్టున్నా ఫిడేలే. రాజేశ్వర్ రావు అదే మెట్టును మళ్లీ మళ్లీ నొక్కాడు. కళ్లు చెమర్చాయి. తాను మొదటి నుంచీ అదే చెబుతున్నానన్నాడు మల్లికార్జున్.

చవితి పందిట్లో ఆ సాయంత్రం జనం కిక్కిరిశారు. పాడేది సావిత్రి టీచరు, డోలక్ మొగిలయ్య. మధ్యలో టీవీ, కంప్యూటరు, కీబోర్డు, కొత్త సిల్కు జుబ్బాలో రాజేశ్వర్ రావు. వెనకాల అడ్డంగా కట్టిన గుడ్డ తెర. ఒంటి వేలితోనైనా మొదటి చరణం దాకా పాట వెంట పరుగెత్తగలిగాడు. అప్పుడు పందిట్లో దీపాలు ఒక్కసారి మసకబారి మళ్లీ వెలిగాయి. మైకు సెట్టు కారు బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి దానికేం కాలేదు. కంప్యూటరు మాత్రం ఎక్కించుకున్నదంతా మరిచిపోయింది. తెర నల్లబడింది. మల్లికార్జున్ ఫ్లాపీ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు.

సావిత్రి పాట ఆపలేదు. ఏం చేయాలో తోచక రాజేశ్వర్ రావు మెట్లు నొక్కుతూనే ఉన్నాడు. ఇంతలో ఫిడేలు అందుకుంది. ముక్కుతో కాదు, నిండు గొంతుతో. తన వేలు ఎటు పోతే అటు కాకపోయినా, పోవాల్సిన చోటికే పోతోంది. తనలో ఇంత విద్య ఉందని ఇన్నాళ్లూ తెలియనందుకు ఆయన పొంగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. మొహం తుడుచుకుందామని రెండు చేతులూ ఎత్తాడు.

ఫిడేలు మోగుతూనే ఉంది.

చేతులు గబుక్కున మెట్ల మీద పెట్టేశాడు. పాట అయ్యేదాకా ఎవరి వైపూ చూడలేదు. దండలు పడ్డాయి. యంత్రం దేవతలా పలికిందని సంఘం పెద్దలు మైకులో పొగిడారు. తర్వాత ఆ గుడ్డ తెర వెనక్కి వెళ్తే, వెంకట్రాజం ఫ్యాను పక్కన స్టూలు మీద కూర్చుని ఫిడేలును గుడ్డతో తుడుస్తున్నాడు. ఎందుకైనా మంచిదని సావిత్రే పిలిచి కూర్చోబెట్టిందట.

"మంచిగనే వాయించిండ్రు సేటు," అన్నాడతను మామూలుగా.

రాజేశ్వర్ రావు తన మెడలోని దండ తీసి అతని మెడలో వేశాడు. ఎవరూ చూడకుండానే అనుకోండి.

కంప్యూటర్ ఫిడేలు పేరు ఊళ్లు దాటింది. పిలుపులు వచ్చాయి. పిలిచిన ప్రతిచోటా రాజేశ్వర్ రావు ముందు కూర్చున్నాడు, వెంకట్రాజం తెర వెనక కూర్చున్నాడు. పొగడ్తలు విన్నకొద్దీ సేటుకు అన్నం సయించడం మానేసింది. చివరికి వర్ధన్నపేటలో రైసు మిల్లు సాంబయ్య కూతురి పెళ్లికి, తెర కట్టవద్దని తనే చెప్పి, వెంకట్రాజాన్ని స్టేజీ మీద తన పక్కన కూర్చోబెట్టాడు. మైకు పట్టుకుని, ఇన్ని రోజులు అందరూ విన్నది ఈయన ఫిడేలేనని చెప్పేశాడు. ఎంత వినయమో అనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

కచేరీ అయ్యాక సాంబయ్య ఆయన్ను పక్కకు తీసుకుపోయాడు.

"కంప్యూటర్ కమాలుగ వాయించింది సేటు. గాని గా ముసలాయన ఊకెనే కమాను ఊపుతాండు. మావోళ్లు నవ్వుతాండ్రు. జర గట్లాంటోళ్లను ఎక్కియ్యకుండ్రి."

రాజేశ్వర్ రావు మళ్లీ మొదటి నుంచి అంతా వివరించాడు. సాంబయ్య ఓపిగ్గా విని, మీది పెద్ద మనసని భుజం తట్టి వెళ్లిపోయాడు. ఫిడేలు పెట్టె మూస్తున్న వెంకట్రాజం ఆ మాటలన్నీ విన్నాడు. జీపెక్కాక చాలాసేపటిదాకా నవ్వాపుకోలేకపోయాడు.

"వచ్చేసారి తెరనే కట్టియ్యి సేటు. ఆడైతె ఫ్యాను గాలన్న తగుల్తది," అన్నాడు.