భాస్వరం కూర్చున్న చోటు

విషానికి కూడా తోబుట్టువులుంటాయని ఎవరనుకుంటారు, సయనైడ్‌లో కార్బన్ పక్కన నైట్రోజన్ ఉంటుందంట, దాన్ని లేపి ఆ చోట భాస్వరాన్ని కూర్చోబెడితే సయాఫైడ్ అంట, ఒంటరిగా నిలవదంట, ఏదో ఒక లోహం పట్టుకుంటేనే ఉంటుందంట, బయటి దేశంలో ఎవరో రుథేనియం మీద నిలబెట్టారు, నేను ఇంకో లోహం మీద నిలబెడతా నాయనా అని నా కూతురు తనూజ శెనక్కాయలు పరిచి చెప్పింది, పెద్ద కాయ భాస్వరం, ఏడో తరగతిలో బడి మానేసి మంగంపేట ముగ్గురాయి గనిలో చేరిన నా చెవిన పడింది సయనైడ్ అన్న ఒక్క మాటే, ఏమ్మే, తాకితే సస్తారు కదా అంటే పకపకా నవ్వి, నేను కాదు, గాలి కూడా తాకదు దాన్ని, గాజుపెట్టెకు నల్ల రబ్బరు గ్లోవ్స్ బిగించి ఉంటాయి, వాటిలో చేతులు దూర్చి చేస్తాండా అంది, నేను వింటానా, దర్గాకు పోయి రాగి తాయత్తు తెచ్చి కుడి మణికట్టుకు కట్టాను, పిచ్చిది, దాంతోనే హైదరాబాదు ల్యాబుకు పోయింది.

ఇప్పుడు కడప బస్టాండులో హైదరాబాదు బస్సు కదలబోతూ ఉంది, సెలవుకు ఇంటికొచ్చిన ఈ పిల్ల కుర్చీలోంచి లేవదు, నేను పోను నాయనా, గ్లోవ్‌కు చిల్లి పడి గాలి దూరింది, చేసిందంతా చెడిపాయ, ఈడ్నే బడిలో పాఠాలు చెప్పుకుంటా అంటుంది, మంచిదే అనిపించింది ఒక క్షణం, నన్ను బెంచీ ఎక్కించి నవ్విన అయ్యవారు, సంతకం వస్తుందా అని ఇప్పటికీ అడిగే గని మేనేజరు, చదువుకున్నోళ్ళదంతా ఒకటే జాతి, కానీ ఇది ఆ జాతిలోకి పోయి కూడా నా ఎంగిలి గ్లాసులో టీ తాగుతుంది.

చిల్లి ఎట్ల పడిందమ్మా అంటే, పాత గ్లోవ్ నాయనా అంటూ చుడీదార్ చెయ్యి కిందికి లాక్కుంది, ఎందుకు లాక్కుంది, పట్టుకుని చూస్తే తాయత్తు మూత అంచు లేచి ఉంది, ఆ సందులో నల్ల రబ్బరు పేలిక, అబద్ధం కూడా రాదు దీనికి, తీసేయకూడదా మే అంటే, ఉంటే మళ్ళీ చిల్లి పడతాది, తీస్తే నువ్వు నిద్రపోవు, అందుకే పని మానుకుంటాండా అంది తలొంచుకుని, ఏమప్పా, ఎక్కుతారా, ఈడ్నే కాపురం పెడతారా అని కండక్టరు అరుపు, ఉండప్పా, వస్తాండాది, తాయత్తు ముడి బిగుసుకుపోయింది, పళ్ళతో కొరికాను, దారం నిండా దాని చెమట ఉప్పు, మెట్టెక్కుతూ ఖాళీ మణికట్టు రుద్దుకుని, నీకు భయం కాదా నాయనా అంది, శానా అయితాది, పో అన్నాను, బస్సు మలుపు తిరిగింది, అవును, భయం దానిది కాదు, ఎన్నడూ కాదు, నా భయాన్ని తీసుకుపోయి దాని చేతికి కట్టాను.