నున్నటి మెట్లు

వాన కురిసిన ఒక సాయంత్రం అత్తయ్యగారు వాకిలి మెట్ల మీద జారిపడ్డారు. మూడు నెలలైంది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత రోజూ ఒంటరిగా గ్రంథాలయానికి నడిచి వెళ్ళొచ్చిన మనిషి, ఇప్పుడు గడప దగ్గర కుర్చీ వేసుకుని వీధిని చూస్తూ కూర్చుంటున్నారు.

"కళ్ళూ కాళ్ళూ సెలవు అడుగుతున్నాయి అల్లుడుగారూ, ఇవ్వక తప్పదు," అంటారు.

అల్లుడు పొద్దున్నే దేవుడికి దండం పెట్టి, ఆవిడ కాళ్ళకు బలమివ్వమని కోరుకునేవాడు. ఒక్క సంగతి మాత్రం దేవుడి దగ్గరా ఎత్తలేదు, ఆవిడ దగ్గరా ఎత్తలేదు. ఇల్లు కట్టినప్పుడు, "బయటి మెట్లకు నున్నటి రాయి వద్దు సార్, తడిస్తే సబ్బుబిళ్ళే," అని మేస్త్రి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ముఖం కనపడేలా మెరవాలయ్యా," అని తనే పట్టుబట్టి వేయించాడు. ఇప్పుడు ఆ మెట్ల వంక చూడటానికే ముఖం చెల్లడం లేదు.

చివరికి మెట్లు మార్పించాలని ఆ మేస్త్రినే పిలిచాడు. టీ గ్లాసు పెట్టే బల్ల మీద కూడా రసమట్టం ఆనించి వాలు చూస్తాడని అతన్ని అందరూ రసమట్టం మేస్త్రి అంటారు. వస్తూనే వాకిట్లో పోయించిన ఇసుకను పిడికిట పట్టి, వదిలి, అరచెయ్యి చూపించాడు.

"మట్టి అంటుకుంది సార్. వెనక్కి పంపి కడిగిన ఇసుక తెప్పించండి. ఈసారైనా నా మాట వినండి."

అల్లుడు తల ఊపాడు. అత్తయ్యగారు మాత్రం ఒప్పుకోలేదు.

"నా కాలు తడబడితే బంగారంలాంటి మెట్లు పగలగొడతారా? గరుకు మెట్లు చూసినప్పుడల్లా వీధంతా 'ఆవిడ పడింది ఇక్కడే' అనుకుంటుంది."

మేస్త్రి వాదించలేదు. పెరట్లో మిగిలిన రాతిపలక ఒకటి, నమూనాకని తను ముందే చీపురుతో గీతలు గీసి ఆరబెట్టిన సిమెంటు పలక ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా చెంబెడు నీళ్ళు పోశాడు.

"అడుగు పెట్టి చూడండి పెద్దమ్మగారూ. సార్, గట్టిగా పట్టుకోండి."

రాయి మీద బొటనవేలు సర్రున జారింది. సిమెంటు మీద నిలిచింది. ఆవిడ టీచరుగారు కదా, ఒకసారికి నమ్మలేదు. కాలు మార్చి మళ్ళీ పెట్టి చూశారు. మళ్ళీ అంతే.

"అయితే నా కాలు బాగానే ఉందా?" అన్నారు నెమ్మదిగా.

మేస్త్రి తల వంచుకుని తాపీ తుడుచుకోసాగాడు. అతను చెప్పడని అల్లుడికి అర్థమైంది.

"ఆ రాయి ఎంచింది నేనే అత్తయ్యా. మేస్త్రి వద్దన్నాడు. మీరు మీ కాలిని తిట్టుకుంటుంటే వింటూ ఊరుకున్నాను."

ఆవిడ తడి కాలు వెనక్కి తీసుకున్నారు.

"ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మూడు నెలలు," అన్నారు. తర్వాత, "బడిలో అయితే గోడకుర్చీ వేయించేదాన్ని."

"వేయమంటారా?"

"వద్దు. ఆ గోడ సామాను కూడా మీరే ఎంచారుగా."

మేస్త్రి నవ్వు ఆపుకోలేకపోయాడు.

రెండు రోజుల్లో మెట్లు తయారయ్యాయి. నీళ్ళు నిలవకుండా వీధి వైపు కాస్త వాలు, పైన చీపురు గీతలు. మేస్త్రి గోనెపట్టాలు కప్పి, వారం రోజులు తడి ఆరనివ్వొద్దని చెప్పి వెళ్ళాడు. ఆ పని అత్తయ్యగారే తీసుకున్నారు. గడప దగ్గర కుర్చీ అలాగే ఉంది గానీ ఆవిడ ఇప్పుడు వీధిని చూడటం లేదు. పక్కన బకెట్టు, చేతిలో చెంబు. ఇంటిల్లిపాదీ పెరటి దారిన తిరిగారు.

ఆ వారం అల్లుడు దండం పెట్టుకునేటప్పుడు ఏం కోరాలో తోచక ఊరికే నిలబడేవాడు. తను చేయాల్సిన పనిని ఇన్నాళ్ళూ దేవుడి నెత్తిన పెట్టాడా? పెడితే, ఆయన ఏమనుకుని ఉంటాడు?

ఎనిమిదో రోజు గోనెపట్టాలు తీశారు. సన్నగా తుంపర పడుతోంది. అత్తయ్యగారు మూడు నెలలుగా తిరిగి ఇవ్వని పుస్తకం చంకన పెట్టుకుని, గొడుగు విప్పి గడప దాటారు. అల్లుడు పరుగున వచ్చి చెయ్యి అందించాడు.

"కాస్త పక్కకి జరగండి అల్లుడుగారూ," అన్నారావిడ, "మెట్టు కనపడటం లేదు."