వెట్ షీప్ బ్యాండులో తువ్వాలు మనిషి

గల్ఫులో మనిషికి శుక్రవారం ఒక్కటే సొంతం. మిగతా రోజులన్నీ డ్యూటీవి. ఆ ఒక్క శుక్రవారాన్ని నా దగ్గర్నుంచి లాక్కున్నది ఐర్లండ్ దేశమని చెబితే మా జగిత్యాలలో ఎవడూ నమ్మడు.

మస్కట్ శివారు అల్ మవాలేలో బాబు మియా దుకాణంలో నేను పని చేస్తాను. కారు సీట్లకు కవర్లు, సోఫాలకు కొత్త గుడ్డ, మెత్తలు, పరుపులు, ఇదీ మా పని. దుకాణం నిండా ఫోమ్. గోడల వెంట ఫోమ్, అటక మీద ఫోమ్, ఆ ఫోమ్ మీద నేను. బయట లారీ బోల్తా పడినా లోపలికి వినపడదు. శుక్రవారం పూట అంత మంచి నిద్ర పట్టే చోటు మస్కట్ మొత్తంలో ఇంకొకటి లేదు.

ఒకరోజు నలుగురు తెల్ల పిల్లలు ఫోమ్ కొనడానికి వచ్చారు. ఐర్లండ్ వాళ్లు, దగ్గర్లోని ఒక స్కూల్లో టీచర్లు. పాడే పిల్ల పేరు ఈఫా, డ్రమ్ములు కొట్టేవాడు డరా, మిగతా ఇద్దరూ గిటార్లు. రాక్ బ్యాండు పెట్టుకున్నారు. ఇంట్లో వాయిస్తుంటే పక్కింటివాళ్లు గొడవకొచ్చారట, అందుకని గదికి ఫోమ్ కొట్టించుకుంటారట. తెలివున్న వ్యాపారి అయితే ఫోమ్ అమ్ముకునేవాడు. మా బాబు మియా ఇంగ్లీషు, హిందీ, చేతులు మూడూ కలిపి చెప్పిందేమిటంటే, ఫోమ్ దండగ, శుక్రవారం మా దుకాణం ఖాళీయే, ఇక్కడే వాయించుకోండి అని. అటక మీద నేనొకణ్ణి ఉన్నానన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

బ్యాండు పేరు వెట్ షీప్. అంటే తడిసిన గొర్రెలు. ఇదేం పేరమ్మా అంటే, మా ఊళ్లో ఎప్పుడూ వానే, ఎటు చూసినా తడిసిన గొర్రెలే, ఈ ఎండలో అవే గుర్తొస్తున్నాయంది ఈఫా. ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల కళ్లు చెమర్చాయి. నాకు జాలేసింది. పాట మొదలుపెట్టాక ఆ జాలి నిలవలేదు. నిజం గొర్రెలు వింటే మా పేరు మాకిచ్చెయ్యమని అడిగేవి.

ఇక బాబు మియా సంగతి. ఆయన అసలు పేరు బాబయ్య. ప్రొద్దుటూరు దగ్గర దూదేకులవాళ్లు. తండ్రి పొడవాటి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పరుపుల్లో గడ్డకట్టిన దూదిని ఏకి మెత్తగా చేసేవాడు. ఇంట్లో మాట తెలుగే. మస్కట్ వచ్చిన కొత్తలో హమ్రియాలో హైదరాబాదీల రూములో ఉన్నాడు. వాళ్లు బాబు మియా అంటే సరేనన్నాడు, వాళ్ల ఉర్దూ నేర్చుకున్నాడు, చివరికి అక్కడ బట్టల దుకాణం ఉన్న హైదరాబాదీ అన్నదమ్ముల చెల్లెలు ఇక్బాలున్నీసాను నిఖా చేసుకున్నాడు. మీ నాన్న ఏం చేసేవారని బావమరుదులు అడిగితే, దూది వ్యాపారం అన్నాడు. దూది నిజమే, వ్యాపారమూ నిజమే. భుజాన విల్లు సంగతి ఒక్కటే చెప్పలేదు.

చెప్పలేదని నేను తప్పు పట్టను. మన తెలుగువాళ్లు ఆ పని చేసేవాళ్ల పేరునే తిట్టు చేసి పెట్టుకున్నారు. పని ఏమిటో తెలియని పిల్లలు కూడా ఆ తిట్టు తిడతారు. అది తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. తెలిస్తే ఇక్బాలున్నీసా తనను ఇంట్లోకి రానివ్వదని బాబు మియా భయం. అయినా తండ్రి విల్లును పారెయ్యలేక, కార్గోలో తెప్పించి, గుడ్డ చుట్టి అటక మీద నా తలకు పైన వేలాడదీశాడు. ఒకసారి ఆమె దుకాణానికి వచ్చి అదేమిటని అడిగితే, సోఫా స్ప్రింగులు వంచేదని చెప్పాడు.

ఇంట్లో ఇంకో తంటా. ఇక్బాలున్నీసా పెళ్లికి తెచ్చుకున్న దూది పరుపు గడ్డలు కట్టింది. ఫోమ్ ఆమెకు పడదు, వేడి చేస్తుందంటుంది. నడుము పోతోంది, దూది ఏకే మనిషి దొరికితే చూడమని అడిగినప్పుడల్లా, ఒమన్ మొత్తం మీద ఆ పని తెలిసినవాడు ఒక్కడూ లేడని బాబు మియా ఒట్టేసేవాడు.

అలా ఉండగా వెట్ షీప్‌కు కష్టం వచ్చిపడింది. గిటార్ల వాళ్లలో లావు తీగల గిటార్ వాయించేవాడు దుబాయిలో మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. అడుగున మోగే ఆ దమ్ దమ్ పోయేసరికి పాట పునాది లేని గోడలా ఊగింది. ఈఫా మొహం వేలాడేసింది.

అదే వారం ఒక ఒమానీ ముసలాయన తాతలనాటి దూది మెత్తలు తెచ్చి, ఫోమ్ వద్దు, ఈ దూదినే బాగుచేయమన్నాడు. బాబు మియా చెయ్యి ఊరుకోలేదు. శుక్రవారం జుమా నమాజు నుంచి వచ్చి, షట్టర్ సగం దించి, ముక్కులోకి దూది పోకుండా తువ్వాలు మొహానికి చుట్టి, విల్లు దించాడు. నారిని కళ్లకద్దుకుని మూడు ఖాళీ దెబ్బలు కొట్టి ఆగాడు. వీధి మొదట్లో దూదేకులాయన అలాగే కొడతాడు. ఎవరో ఒక ఇల్లాలు పిలిస్తేనే మళ్లీ చెయ్యి లేపుతాడు. పిలవని చోట విల్లు మోగించకూడదని ఆయన తండ్రి మాట.

నేను అదిరిపడి లేచాను. ఆ ఆగిన క్షణంలో కింద డ్రమ్ము మోగింది. తడిసిన గొర్రెలు ముగ్గురూ షట్టర్ కింద నుంచి ఎప్పుడు దూరారో, డరా ఆ మూడు దెబ్బలకు మూడు దెబ్బలు బదులిచ్చాడు. పిలిచినట్టే అయింది. బాబు మియా దూది ఏకడం మొదలుపెట్టాడు, ఈఫా పాట అందుకుంది. దుకాణమంతా దూది ఎగిరింది. నాకు సంగీతం తెలియదు, కానీ ఆ రోజు పాట కుంటలేదు. నిద్ర చెడినందుకు మొదటిసారి కోపం రాలేదు.

వీడియో ఫోనులో పెట్టారు. బాబు మియా ఒకే షరతు పెట్టాడు: తువ్వాలు విప్పను, పేరు చెప్పను. ఆ షరతే వాళ్లకు కలిసొచ్చింది. ఎగిరే దూదిని ఐర్లండులో మంచు అనుకున్నారట. తువ్వాలు మనిషి ఎడారిలో తపస్సు చేసేవాడని కొందరు, అలిగి దేశం విడిచిన విద్వాంసుడని కొందరు రాశారు. డబ్లిన్ రేడియోలో పాట వచ్చింది. ఇక్బాలున్నీసాకు ఆమె అన్న కూతురు జువేరియా వీడియో చూపించింది, ఈఫా ఆ పిల్లకు టీచరే. అప్పట్నుంచి వంటింట్లో అదే పాట. ఆ తువ్వాలాయన చేతిలో ఏదో మహత్తు ఉందని ఆమె మొగుడి ముందే పొగిడితే, ఆయనకు ముద్ద దిగలేదట.

చలికాలంలో ఒక పెద్ద హోటల్ తోటలో వెట్ షీప్ కచేరీ పెట్టారు. డబ్లిన్ నుంచి పాటల కంపెనీ మనిషి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే పిల్లల బతుకే మారుతుంది, కానీ ఆ విల్లు మోత లేకపోతే మాట్లాడేదే లేదన్నాడు. జువేరియా పాసులు తెచ్చింది. ఇక్బాలున్నీసా, అన్నలు, వదినలు అందరూ బయల్దేరుతున్నారని తెలిసి బాబు మియా ఫోమ్ దొంతర మీద కూలబడ్డాడు.

"పోతే నా పరువు పోతాది. పోకుంటే ఆ పిల్లోళ్ల బతుకు పోతాది. నేనేం జేసేదప్పా భూమేశా?" అన్నాడు.

తువ్వాలు గట్టిగా కట్టుకో బాబు భాయ్ అన్నాను. అంతకన్నా నాకేం తెలుసు.

దుకాణంలో అర్జెంట్ పని ఉందని ఇంట్లో చెప్పి ఆయన ముందే వెళ్లాడు. వాళ్లందరినీ వ్యానులో తీసుకెళ్లే పని నాకు పడింది. ముందు వరసలో ఇక్బాలున్నీసా పక్కన కూర్చున్నాను. వేదిక మీద వెలుతురు పడింది. మధ్యలో ఈఫా, వెనక డరా, ఒక పక్క కళ్లు మాత్రమే కనిపించేలా తువ్వాలు చుట్టుకున్న మా సేఠ్. ఎదురుగా బావమరుదులు కనపడేసరికి తువ్వాలు ఇంకో చుట్టు బిగించాడు. నారిని కళ్లకద్దుకున్నాడు. మూడు దెబ్బలు కొట్టాడు. ఆగాడు.

డరా బదులు కొట్టాలి. కొట్టాడు, కానీ అవి హోటలువాళ్లిచ్చిన కరెంటు డ్రమ్ములు, స్పీకరు పలకలేదు. ఉత్త టపటప అంత తోటలో ఎవరికి వినపడుతుంది? బాబు మియా చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. పిలుపు రాలేదు, చెయ్యి దిగలేదు. ఈఫా ఆయన వైపు చూసింది. జనం గుసగుసలాడారు. డబ్లిన్ మనిషి గడియారం చూసుకున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఇక్బాలున్నీసా లేచి నిలబడింది. బుర్ఖా సర్దుకుని, గల్లీలో ఆడవాళ్లు పిలిచినట్టు గొంతెత్తి తెలుగులో పిలిచింది.

"ఓ దూదేకులాయనా, గిటు రా. మా ఇంట్ల పరుపు ఉన్నది."

విల్లు ఝుమ్మంది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడం నా వల్ల కాదు. జనం లేచి ఆడారు. ఆ పిలుపు పాటలో భాగమే అనుకున్నారు. పెద్ద బావమరిది మాత్రం నోరు తెరిచి, ఎవరే ఆయన అని చెల్లెల్ని అడిగాడు. మా ఆయనే, అంది ఆమె. నేను బిత్తరపోయి ఎట్ల తెలుసు భాభీ అన్నాను.

"గా తువ్వాల నేనే కొన్న, తమ్మీ. వీడియో చూసిననాడే ఎరుక. తన నోటితోని చెప్తడేమోనని చూస్తున్న," అంది, కళ్లు తుడుచుకుంటూ.

డబ్లిన్ మనిషి పిల్లల చేత సంతకాలు చేయించుకున్నాడు. ఇప్పుడు వెట్ షీప్ పేరు ఐర్లండులో చాలామందికి తెలుసు. కానీ ఆ తర్వాతి శుక్రవారం నేను చూసింది వాళ్లెవరూ చూడలేదు. మొదటి ఆల్బమ్ మా ఫోమ్ మధ్యే చేస్తామని పట్టుబట్టి పిల్లలు తీగలు కలుపుతున్నారు. బయట పికప్ ఆగింది. దాని నిండా పరుపులు. ఇక్బాలున్నీసాది పైన, అన్నలవీ వదినలవీ కింద. బాబు మియా తలెత్తలేక నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె తన పరుపు ఆయన కాళ్ల ముందు పడేయించింది.

"ఇన్నేండ్ల సంది దూదేకులాయన పెండ్లాన్నై ఉండి గడ్డల మీద పండుకున్న. మీ పరువు సంగతి మీరు చూసుకున్నరు. నా నడుము సంగతి ఎవరు చూడాలె? ఏకుండి."

ఆయన ఏకాడు. ఆ రోజు మొహానికి తువ్వాలు కట్టుకోలేదు. సాయంత్రానికి గడ్డం నిండా దూదే. పరుపులు విప్పి కుట్టే పని ఎవరిదో వేరే చెప్పాలా? ఆ శుక్రవారం కూడా నాకు నిద్ర లేదు.