తాతబ్బాయి గారి మొలతాడు

నేను ఒక తాడుని. తాడంటే బావిలో చేదకి కట్టేదో, ఎద్దు ముక్కుకి వేసేదో అనుకునేరు, కాస్త ఆగండి. నేను జీపు తాడుని. జీపు ముందు బంపరులో వించి అని ఒక యంత్రం ఉంటుంది. దాని డ్రమ్ముకి నన్ను చుడతారు. బండి బురదలో దిగబడితే నా కొక్కేన్ని ఎదురుగా ఉన్న చెట్టుకి తగిలించి మీట నొక్కుతారు. డ్రమ్ము నన్ను చుట్టుకుంటూ ఉంటే బండి మెల్లగా పైకి పాకుతుంది.

ఫ్యాక్టరీలో పుట్టాను. వెంట్రుక కంటే సన్నని దారాలు పేనితే పోగులు, ఆ పోగులు జడలా అల్లితే నేను. రంగు నారింజ. ఒంట్లో ఇనుము చుక్క లేదు, నీళ్లలో వేస్తే తేలుతాను. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? చెప్పుకోనివ్వండి. నా గురించి ఒక మంచి మాట వినడానికి నాకు చాలా కాలం పట్టింది.

నన్ను కొన్నది మారేడుమిల్లి కొండల్లో జలపాతాలకి జీపు తోలే నూకరాజు. మొదటి రోజే స్టాండులో నాకు ఘోర అవమానం జరిగింది. అక్కడ అందరికంటే పెద్ద డ్రైవరు తాతబ్బాయి. ఆయన బండికి ఉక్కు తాడు. నన్ను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకని ఎత్తినట్టు ఎత్తి, "ఏరా నూకరాజూ, ఇది జీపుకి తాడా, నీకు మొలతాడా?" అన్నాడు. స్టాండంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది.

పోనీ మావాడికైనా పని తెలుసా? మురిసిపోతూ నన్ను వదులుగా చుట్టేశాడు. మొదటి లాగుడికే పై చుట్టు కింది చుట్ల మధ్య దూరి ఇరుక్కుపోయింది. ఊపిరాడితే ఒట్టు! అప్పుడొచ్చింది అతని భార్య వరాలు. జలపాతం దగ్గర బొంగు చికెన్ అమ్ముతుంది. "మంచానికి నవారు బిగించినట్టు బిగించాలి గానీ, ఇదేంటండీ, ఊలు ఉండ చుట్టినట్టు!" అంది. నన్ను మొత్తం విప్పించింది. గట్టు మీది టేకు చెట్టుకి కొక్కెం వేయించి, తను జీపెక్కి బ్రేకు మీద కాలు ఆనించింది. అతను మీట నొక్కాడు. బండి బరువు నా మీద పడుతుంటే, చుట్టు పక్కన చుట్టు, వరస మీద వరస, బిగిసి కూర్చున్నాను. అమ్మయ్య అనిపించింది.

అప్పటినుంచీ నాకు రాజభోగమే. బురద పని అయ్యాక నీళ్లు పోసి కడుగుతుంది, ఇసుక లోపలికి దూరితే పోగుల్ని కొరికేస్తుందని. ఎండ తగలకుండా పాత రెగ్జిన్‌తో టోపీ కుట్టింది. రాళ్లకి ఒరుసుకోకుండా నూకరాజు జీన్స్ ప్యాంటు కాలొకటి కత్తిరించి నాకు తొడిగింది. "ఒంటికాలి ప్యాంటు నేనేం చేసుకోనే?" అని అతను లబోదిబోమన్నాడు. "ఇది చిరిగితే రెండోది కూడా దానికే," అంది.

ఇంతలో దసరా వచ్చింది. బళ్లన్నిటికీ పూజ. అందరూ గుమ్మడికాయని నేల మీద కొడుతుంటే తాతబ్బాయి మావాణ్ణి ఎగదోశాడు. "ఒక్క వేటుకి తెగాల్రా, లేకపోతే దిష్టి పోదు!" నూకరాజుకి పౌరుషం పొడుచుకొచ్చింది. కాయని బంపరు మీదే పెట్టి, వరాలు బొంగులు నరికే కత్తితో ఒక్కటేశాడు. కాయ రెండు చెక్కలైంది. చప్పట్లు మోగాయి. కత్తి మాత్రం కాయ దగ్గర ఆగలేదు, నేను బయటికొచ్చే అల్యూమినియం నోటి అంచుకి దిగింది. చిన్న గాటు. కుంకుమ నీళ్లు దాన్ని కప్పేశాయి.

నా దిష్టి తీయబోయి నా గొంతు దగ్గర కత్తి పెట్టారు చూడండి! ఆ తరవాత బండి గతుకుల్లో ఊగినప్పుడల్లా కొక్కెం పక్కన నేను ఆ గాటుకి ఒరుసుకునేదాన్ని. ఒక్కో దారం తెగుతూ వచ్చింది. అరుద్దామంటే నాకు నోరు లేదు.

కార్తీకంలో ఒక పొద్దున్న, వాన వెలిశాక, మలుపు దగ్గర తాతబ్బాయి జీపు జారింది. ముందు చక్రాలు లోయ మీద గాల్లో ఉన్నాయి, కింద ఒక వెదురు పొద దాన్ని ఆపింది. ప్రయాణికులు దిగి, వెనక బంపరు పట్టుకుని వేలాడుతున్నారు. బ్రేకు వదిలితే బండి పోతుందని ఆయన దిగలేకపోయాడు. ఆయన ఉక్కు తాడు లోయ వైపు చూస్తూ ఊరికే ఉంది. వెనకాలే, వరాలుని బొంగులతో సహా జలపాతం దగ్గరికి తీసుకెళ్తూ మా బండి వచ్చింది.

"నూకరాజూ, తొందరగా లాగరా నాయనా! పొద పెళపెళమంటంది!"

నూకరాజు కొక్కెం అందుకున్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తెగుతానని నాకు తెలుసు. తెగితే ఆ పెద్దాయన లోయలోకే.

వరాలుకి ఒక అలవాటు ఉంది, పనికి ముందు నన్ను ఒకసారి తడుముతుంది. "ఆగండాగండి! ఇక్కడేంటి, నూగు లేచింది?" వేలు అల్యూమినియం అంచు మీదికి పోయింది. "ఇదుగో, మీ గుమ్మడికాయ వేటు! ఇలాగే లాగితే తెగుద్ది." ఆ నిమిషంలో ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

నూకరాజు ఆకురాయి తీసి గాటుని అరగదీస్తున్నాడు. ఆవిడ అదే కత్తితో నా చెడిన కొసని నరికేసి, కొత్త కొసని కొక్కేనికి తిప్పి, జడలో పాయ దూర్చినట్టు నా అల్లికలోకే దూరుస్తోంది.

"ఒరే! నేనిక్కడ చావబోతుంటే మొగుడూ పెళ్లాం ఆకురాయి పట్టుకుని కూర్చున్నారేంట్రా!"

"మొలతాడు బాగుచేస్తున్నాం బాబాయ్ గారూ. మీరు కదలకుండా బ్రేకు తొక్కండి," అంది వరాలు, తలెత్తకుండానే.

రోడ్డంచు రాయి దగ్గర నాకు ప్యాంటు కాలు తొడిగి, ఆయన బండి వెనక కొక్కెం తగిలించారు. మీట నొక్కారు. నిజం చెబుతున్నాను, భయమేసింది. బిగిశాను. పొద ఫెళ్లున విరిగింది. జీపు మొత్తం నా మీద పడింది. పోగు పోగునీ పట్టుకుని ఉండండే అని బతిమాలుకున్నాను. ఉన్నాయి. చక్రాలు ఒకటొకటిగా రోడ్డెక్కాయి.

తాతబ్బాయి దిగి, నా పక్కనే బురదలో చతికిలబడ్డాడు. నా మీద చెయ్యేసి, "నలిగిపోయిందిరా, పాపం," అన్నాడు. అదే నేను విన్న మొదటి మంచి మాట. తరవాత అడిగాడు, "ఆ నరికిన ముక్కేదమ్మా?" పొదల్లోకి విసిరేశానంటే, తనే వెళ్లి వెతికి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు దసరాకి కత్తి ఎత్తగానే ఆ అల్యూమినియం నోటికి అడ్డంగా నిలబడేది ఆయనే. "కాయని నేలకేసి కొట్టండ్రా!" అని కేకలేస్తాడు. నేను మునుపటికంటే కొంచెం పొట్టిదాన్నయ్యాను. "తాడెందుకు తగ్గింది?" అని ఎవరైనా అడిగితే చాలు, ఇంటావిడ "సిగ్గులేదూ!" అని అరుస్తున్నా వినకుండా, తాతబ్బాయి చొక్కా ఎత్తి, నడుముకున్న నారింజ రంగు పోగు చూపిస్తాడు.