పేరు తప్పిన బంతి

నేను ఒక బంతిని. ఎగరడం నాకు తెలియదు. కోసిన గడ్డి మీద మెల్లగా దొర్లించాలి నన్ను. అద్దాల భవనాల్లో చెక్కబాట మీద పరుగెత్తి పది పిన్నులను పడగొట్టే బంతికి వేళ్లు దూర్చే రంధ్రాలుంటాయి. నాకు లేవు. నేను దేనినీ పడగొట్టను. దూరాన ఉన్న చిన్న తెల్లబంతికి వీలైనంత దగ్గరగా వెళ్లి ఆగడమే నా పని. మా రెండు ఆటలనూ మనుషులు బౌలింగ్ అనే అంటారు. క్రికెట్‌లో బంతి వేయడానికీ అదే మాట. పదాల విషయంలో వారి పొదుపు ఆశ్చర్యకరం.

గట్టి నల్లకర్రను చిత్రిక పట్టి నన్నూ, నా ముగ్గురు తోబుట్టువులనూ చేశారు. నలుగురమూ ఉంటేనే ఒక మనిషి పోటీలో ఒంటరిగా నిలవగలడు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో విశ్రాంత రైల్వే ఇంజనీరు వెంకటాచలం నాయుడు మాతో ఆడేవాడు. అక్కడి పచ్చిక కోసే రూతమ్మకు, సభ్యులెవరూ లేని మధ్యాహ్నాల్లో, ఆయనే ఆట నేర్పాడు. ఆయన పోయాక మేము ఆమె సంచిలో చేరాము. ఏ మూల గడ్డి ఎటు వాలి ఉంటుందో పద్దెనిమిదేళ్లు కోసిన ఆమెకు తెలిసినట్టు సభ్యులెవరికీ తెలియదు. అయినా వారు క్రీడాకారులు, ఆమె పనిమనిషి.

మా ఆటకు రాష్ట్ర జట్టు ఎంపిక ప్రకటన వెలువడింది. జట్టులో చేరితే ఆ పచ్చిక మీద తాను కొడవలి లేకుండా నిలబడవచ్చునని రూతమ్మ ఆశ. దరఖాస్తుతోపాటు నన్నూ క్రీడా కార్యాలయానికి తీసుకువెళ్లింది.

"ఏమ్మా, నలభై రెండేళ్లకు బౌలింగా? ఫాస్టా, స్పిన్నా?" అన్నాడు గుమాస్తా. పక్కబల్ల వాళ్లు నవ్వారు.

"ఉరికేది గాదు సార్. గడ్డి మీద దొర్లించేది."

"మరి బౌలింగ్ అని ఎందుకు రాసినవ్?"

"దాని పేరే అది సార్. ఇగో, బంతి సూడుండ్రి."

"మంచిది. దీన్ని గూడ జతపరుస్త."

కాగితం క్రికెట్ విభాగానికి వెళ్లింది. నెల తరువాత "వయోపరిమితి ఇరవై అయిదు" అన్న జవాబుతో తిరిగి వచ్చింది. అప్పటికి ఎంపిక ముగిసింది. నన్ను మాత్రం తిరిగి ఇవ్వలేదు. రికార్డులో చేరిన వస్తువును ఇవ్వకూడదట.

మిగిలిన ముగ్గురితో ఆమె ఏ పోటీలోనూ నిలవలేదు. రెండుసార్లు వచ్చి అడిగింది. మూడోసారి వచ్చినప్పుడు నన్ను పెట్టిన బీరువా తెరిచి ఉంది. నా పక్కన అంటించిన చీటీని ఆమె కూడబలుక్కుని చదివింది: "క్రికెట్ బంతి, ఒకటి."

"ఇయ్యకుంటే ఇయ్యకుండ్రి సార్," అంది. "దాని పేరన్న సక్కగ రాయుండ్రి."

గుమాస్తా కలం తీశాడు. చీటీ చివర "పాతది" అని చేర్చాడు.