మెమేర్ ఇంటి ఉత్తరపు గోడ

తలుపు కొడితే లోపలినుంచి ఎవరూ పలకకపోవడం. నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం అదే. ఈ లోయలో పుట్టినవాళ్లం చలికి భయపడుతూ కూర్చుంటే బతకలేం. కరెంటు పోయినా ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది, కొట్టంలో కట్టెలున్నాయి. నేను భయపడేది వెచ్చటి ఇంట్లో, కుర్చీలో కూర్చుని, ఏమవుతోందో తెలియకుండానే మగతలోకి జారిపోయే మనిషి గురించి.

ఇలా అంటే మా ఇంట్లో నవ్వుతారు. పాప పుట్టాక జోసీకి మతి చెడిందని మా ఆయన రెనో తన స్నేహితులతో అంటాడు, నేను పక్కన ఉండగానే. రోజూ ఏదో ఒకటి అవుతుందంటాను, ఏదీ అవదు. అందుకని నా మాటకి విలువ పోయింది. అందులో వాళ్ల తప్పు కూడా లేదనుకుంటాను ఒక్కోసారి.

మెమేర్ అంటే మా భాషలో నాయనమ్మ. ఈవిడ రెనో నాయనమ్మ. మా రోడ్డు మీద అందరికీ ఆవిడ మెమేరే. మా వంటింటి కిటికీలోంచి చూస్తే బంగాళాదుంపల చేనుకి అవతల ఆవిడ ఇల్లు కనిపిస్తుంది. ఎనభై దాటాయి, ఒక్కతే ఉంటుంది. మా దగ్గర చలికాలం పొద్దున్న లేవగానే, కాఫీ పెట్టుకోకముందే, పక్కిళ్ల పొగగొట్టాలవంక చూస్తాం. పొగ లేస్తుంటే ఆ ఇంటివాళ్లు లేచినట్టు, బాగున్నట్టు. పొద్దెక్కినా పొగ లేకపోతే ఎవరో ఒకరు బూట్లు తొడుక్కుని వెళ్లి చూసి వస్తారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. చిన్నప్పటినుంచీ చూసి నేర్చుకున్నదే.

పోయిన చలికాలం మెమేర్ కట్టెలు మోసుకొస్తూ వరండాలో జారిపడింది. తుంటి ఎముక విరగలేదు కానీ చాలా రోజులు మంచం మీదే ఉంది. ఇక కట్టెలు వద్దని రెనో ఈ శరదృతువులో ఆవిడ ఇంట్లో గోడకి గ్యాసు హీటరు పెట్టించాడు. దానికి కరెంటు అక్కర్లేదు. గ్యాసు సిలిండరు ఇంటి వెనక ఉంది గనక హీటరు కూడా ఉత్తరపు గోడకే బిగించారు. మండిన గాలి బయటికి పోవడానికి ఆ గోడలోంచి ఒక గొట్టం, మోకాలెత్తున. పాత పొగగొట్టానికి పైన రేకు మూత వేసేశారు.

మెమేర్‌కి ఆ హీటరు నచ్చలేదు. బక్‌వీటు పిండి కలిపి పొయ్యి మీద పెనం పెట్టి ప్లోయ్‌లు, అంటే మా అట్లు, పోయడం ఆవిడకి ప్రాణం. ఈ డబ్బా చేతులు కాచుకోవడానికే గానీ కడుపుకి పనికిరాదని, మనవడు తనకి పొయ్యి తీసేసి బొమ్మనిచ్చాడని వచ్చినవాళ్లందరితో చెప్పింది.

ఆ గొట్టం పెడుతున్నప్పుడు టార్చి పట్టుకున్నది నేనే. మంచు పడితే ఇది ఎక్కడుందో తెలియదు, పక్కన ఒక పొడుగు కర్ర పాతండి అన్నాను. రెనో నవ్వాడు.

"జెండా కూడా కట్టమంటావా? బ్యాండు మేళం పెట్టి ప్రారంభోత్సవం చేద్దామా?"

పనికొచ్చిన అతను కూడా నవ్వాడు. ఆ వారంలోనే నేల గడ్డకట్టింది. కర్ర సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

తుపాను మొదట వానలా మొదలైంది. పడ్డ చినుకు పడ్డట్టే గడ్డకట్టి, తీగల మీద మణికట్టంత మందాన మంచు పేరుకుంది. ఆ తర్వాత గాలి, గాలితో పాటు మంచు. స్తంభాలు విరిగి కరెంటు పోయింది, ఆ వెనకే ఫోన్లు పోయాయి. రెనో ఊరి తరఫున మంచు తోసే లారీ నడుపుతాడు. తుపాను వచ్చిందంటే ఇక మనిషి ఇంట్లో ఉండడు. ఒకసారి వచ్చి సూపు తాగి, కుర్చీలోనే కాసేపు కునుకు తీసి మళ్లీ వెళ్లాడు. దారిలో మెమేర్ దగ్గర ఆగానని, ఒక్కతే పేకాడుకుంటోందని, తడిబూట్లతో లోపలికొచ్చినందుకు తిట్టిందని చెప్పాడు. తిట్టిందంటే బాగుందన్నమాటే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం గాలి కొంచెం తగ్గింది. పాపని ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని తినిపిస్తున్నాను. దాని పేరు లూసెట్, తొమ్మిదో నెల, రెండు రోజులనుంచి దగ్గు. మెమేర్ వాకిట్లోకి ట్రాక్టరు వచ్చింది. రొజేర్ అంకుల్. మెమేర్ ఇల్లు దాటాక ఎర్ర కొట్టం ఉన్న ఇల్లు ఆయనది. భార్య పోయినప్పటినుంచి మంచు పడ్డప్పుడల్లా మెమేర్ వాకిలి ఆయనే శుభ్రం చేస్తాడు. పొయ్యి ఉన్నన్నాళ్లూ ఆవిడ పళ్లెంలో నాలుగు ప్లోయ్‌లు, పైన బెల్లం పాకం పోసి పెట్టేది. ఆ లావాదేవీ గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోగా నేను వినలేదు. ఆయన్ని చూసి నా మనసు తేలికపడింది.

తర్వాత ట్రాక్టరు ఇంటి వెనక్కి తిరిగింది.

ఆయన దిగాడు. తోపుడు పార తీశాడు. మంచును ఉత్తరపు గోడకేసి తోసి, ఎగదోసి, బూట్లతో తొక్కి, మళ్లీ పైన వేసి తొక్కడం మొదలుపెట్టాడు. మేం దాన్ని దన్ను వెయ్యడం అంటాం. గోడ అడుగున చుట్టూ మంచు గట్టిగా దన్ను వేస్తే నేల కిందినుంచి గాలి దూరదు. ఇల్లు వెచ్చగా ఉంటుంది. మా నాన్న వేసేవాడు, ఆయన నాన్న వేసేవాడు. ముసలివాళ్ల ఇంటికి దన్ను వెయ్యడం మా దగ్గర మంచి మనిషి లక్షణం. మెమేర్ కాళ్లకి గాలి కొడుతోందని అడిగే ఉంటుంది.

హీటరు పెట్టించినప్పుడు రొజేర్ అంకుల్ ఊళ్లో లేడు. దక్షిణాన కూతురి దగ్గరికి వెళ్లాడు. ఆ గోడకి గొట్టం ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అప్పటికే గాలికి మంచు కొట్టుకొచ్చి గొట్టం ఆనవాలు లేకుండా పోయి ఉండాలి. ఆయన పని శ్రద్ధగా చేశాడు. కిటికీ అంచుదాకా గోడ తెల్లగా, చదునుగా అయింది. పార వెనకవైపుతో తట్టి చూసుకుని, ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

స్పూను నా చేతిలోనే ఉంది. గొట్టం మూసుకుపోతే మండిన గాలి ఇంట్లోకే తిరిగి వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. నా కళ్లు పొగగొట్టం మీదికి వెళ్లాయి. పొగ లేదు. శరదృతువునుంచీ లేదు. రోజూ పొద్దున్నే చూస్తాను, రోజూ నాకు నేనే గుర్తు చేసుకుంటాను. ఆ ఇంట్లో మనిషి బాగున్నా, బాగోకపోయినా ఇక్కడికి ఒకలాగే కనిపిస్తుంది.

అలా విషవాయువు వస్తే కూతపెట్టే పెట్టె ఒకటి ఆవిడ వంటింట్లో ఉంది. అది గోడ ప్లగ్గుకే ఉంటుంది. కరెంటు లేదు గనక అది మూగది. ఫోను చేశాను, ఫోను లేదు. కారు మంచులో పూడిపోయి ఉంది. రెనో లారీ వస్తుందేమోనని రోడ్డువంక చూశాను. ఎంతసేపట్లో ఏమవుతుందో నాకు తెలియదు. లూసెట్ కడుపులో పడ్డాక బడి మానేశాను, చదువు పూర్తిచేసి ఉంటే తెలిసేదేమో. అలాంటివి బడిలో చెప్తారో లేదో కూడా తెలియదు.

నేను పొరపడితే, దగ్గుతున్న పిల్లని ఆ గాలిలో ఈడ్చుకెళ్లిందని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. అదైనా భరిస్తాను. పిల్లకి ఏమైనా అయితే? ఇంట్లో వదిలి వెళ్దామంటే పొయ్యి మండుతోంది. మండే పొయ్యి దగ్గర పాకే పిల్లని ఒక్కదాన్నే ఎలా వదలను? పొయ్యి గాలిద్వారం బిగించాను. పాపకి ఉన్న బట్టలన్నీ తొడిగి, మంచు మీద కట్టెలు లాగే స్లెడ్జి బండిలో పడుకోబెట్టి, రెనో పాత కోటు పైన కప్పి, తాడు నడుముకి కట్టుకున్నాను.

పైన పెళుసు పొర, కింద మోకాలు లోతు మెత్తటి మంచు. అడుగు వేస్తే పొర విరిగి కాలు దిగబడుతుంది. మొదట లూసెట్ ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆగింది. నేను ఆగి కోటు పక్కకి తీసి చూస్తే, ఇదేం ఆటన్నట్టు నావంక చూస్తోంది. మళ్లీ నడిచాను, మళ్లీ ఆగి చూశాను. ఎన్నిసార్లు ఆగానో. ఆగకుండా వెళ్తే ఇంకా ముందే చేరేదాన్ని. ఆ సంగతి ఇప్పుడు ఆలోచిస్తే నిద్ర పట్టదు.

తలుపు కొట్టాను. పలకలేదు.

మా దగ్గర తలుపులకి గడియలు వెయ్యరు. తోసుకుని వెళ్లాను. పాపని మాత్రం వరండాలో గాలి తగలని మూల బండిలోనే ఉంచాను. వెచ్చటి ఇంట్లోకి తీసుకెళ్లకుండా చలిలోనే ఉంచానంటే మామూలప్పుడు ఎవరైనా నన్ను కొడతారు.

లోపల ఉక్కగా, బరువుగా ఉంది. హీటరు అద్దంలోంచి మంట నీలంగా కాక పసుప్పచ్చగా, పొడుగు నాలుకలా ఊగుతోంది. మెమేర్ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉంది. పేక ముక్కలు కొన్ని ఒళ్లో, కొన్ని కింద. భుజం పట్టుకుని కుదిపితే కళ్లు సగం తెరిచింది.

"తలుపు వెయ్యవే. వేడంతా పోతోంది."

"లే మెమేర్. బయటికి రా."

"తల పగిలిపోతోంది. పొద్దున్నించీ తిన్నది ఇమడటం లేదు. జ్వరమేమో. పడుకోనీ నన్ను."

నేను హీటరు మీట తిప్పి ఆర్పేశాను. కిటికీలు తీశాను. చల్లగాలి తగిలేసరికి ఆవిడకి కాస్త కోపం వచ్చింది. ఆ కోపం చూసి నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

"కోడలు పిల్ల అంటే ఇల్లు వెచ్చబెట్టాలే. నువ్వేంటి, శవాన్ని దాచే గది చేస్తున్నావు దీన్ని?"

"ఆ శవం నువ్వు కాకూడదనే. లే."

లేవబోయింది. కాళ్లు నిలబడలేదు. బతిమాలాను, తిట్టాను, లాగాను. చివరికి కుర్చీ కింద పరిచిన తివాచీ మీదికి దింపి, తివాచీతో సహా తలుపుదాకా ఈడ్చుకెళ్లాను. అప్పటికే లూసెట్ గుక్కపట్టి ఏడుస్తోంది. ఏడవనీ అనుకున్నాను. ఏడుస్తున్నంతసేపూ దానికేం కాలేదని తెలుస్తుంది.

గుమ్మంలో ఒకరి మీద ఒకరం పడి ఉన్నప్పుడు రొజేర్ అంకుల్ వచ్చాడు. తన కొట్టం దగ్గరనుంచి కిటికీలన్నీ తెరిచి ఉండటం చూశాడట.

"ఏంటి పిల్లా ఇది? ఇంత చలిలో ఇల్లంతా బార్లా తెరిచావేంటి?"

"గొట్టం, అంకుల్. ఉత్తరపు గోడకి హీటరు గొట్టం ఉంది. మోకాలెత్తున."

వినగానే ఆయన ఇంటి వెనక్కి వెళ్లాడు. పార వరండాలోనే వదిలేసి, చేతులతో తవ్వాడు. తిరిగి వచ్చినప్పుడు చేతితొడుగులు మసిగా ఉన్నాయి. మెమేర్‌ని దుప్పట్లలో చుట్టి వరండా బల్ల మీద కూర్చోబెట్టి, ట్రాక్టరు మీద పెద్దరోడ్డుకి వెళ్లాడు. అక్కడ రెనో లారీనే ఎదురైంది. లారీలో రేడియో ఉంది. రెనో ముందు దారి చేస్తుంటే వెనకే అంబులెన్సు వచ్చింది. రెనో నావంక చూసి, పాపని ఎత్తుకుని దాని టోపీ సరిచేస్తూ నిలబడ్డాడు.

మెమేర్ బతికింది. పెద్దాసుపత్రిలో ఉంది, నేను ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. మాట్లాడుతోంది. నర్సుల కాఫీని తిడుతోంది. కానీ నన్ను చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలుస్తోంది. పేక ముక్కలు చేతికిస్తే వాటిని ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూస్తోంది. కొన్నాళ్లకి సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు అన్నాడు డాక్టరు.

ఇక్కడికి వచ్చేముందు రొజేర్ అంకుల్ ఇంటికి వెళ్లాను. తలుపు కొట్టాను. చాలాసేపు పలకలేదు. మళ్లీ కొట్టాను. తర్వాత లోపలినుంచి, బాగానే ఉన్నాను, వెళ్లు పిల్లా, అన్నాడు. తలుపు బయట నిలబడే చెప్పాను. పొద్దున్నించే ఆవిడకి తలనొప్పిగా ఉందని, గాలికే గొట్టం మూసుకుపోయి ఉంటుందని, నీకు చెప్పకపోవడం మా తప్పని, కర్ర పాతనిది మేమని. అంతా విన్నాడు.

"దన్ను వేసింది నేనే కదమ్మా," అన్నాడు.

నేను తలుపు తోసి లోపలికి వెళ్లాల్సింది. బయట లూసెట్ కారులో ఉందని వచ్చేశాను.

ఆ రోజునుంచి ఆయన ట్రాక్టరు కదల్లేదని రెనో అంటున్నాడు. నిన్న పొద్దున్న పొగ సన్నగా లేచిందట. ఇవాళ చీకటితోనే రెనో పనిలోకి వెళ్లాడు, చూడలేదు. ఆయన కూతురికి చెప్పాం, రోడ్లు బాగుపడితే గానీ రాలేదు. రేపటినుంచి మళ్లీ గడ్డకట్టే వాన అంటున్నారు. కరెంటు మళ్లీ పోతుంది.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా మా రోడ్డు మీదుగా వెళ్తే, దయచేసి ఎర్ర కొట్టం ఉన్న ఇంటి ముందు ఆగండి. పొగ కనిపించిందని దూరంనుంచే చూసి వెళ్లిపోకండి. తలుపు కొట్టండి. బాగానే ఉన్నానంటాడు. ఆ మాట విని వెనక్కి తిరగకండి. గడియ ఉండదు, తోసుకుని లోపలికి వెళ్లండి. పొయ్యిలో కట్టెలున్నాయో లేదో, ఏమైనా తిన్నాడో లేదో చూడండి. కాసేపు ఆయన దగ్గర కూర్చోండి.